చిచెన్ ఇట్సా, తులుం, కోబా, ఎక్ బాలం: శిథిలాలూ సెనోటే ఈతా ఒకే రోజులో కావాలంటే ఏ జంట ఎవరికి

మెక్సికోలోని కాన్‌కూన్‌లో నాలుగైదు రోజులుంటే అందులో ఒకటి మాయా అనే ప్రాచీన జాతి కట్టిన నగరాల శిథిలాలకూ, సెనోటే అనే సహజమైన నీటిగుంటలో ఈతకూ కేటాయించడం మామూలే. డాలస్, హ్యూస్టన్, న్యూజెర్సీల నుంచి సెలవులకు వెళ్లే తెలుగు కుటుంబాలు చాలావరకు ఇదే చేస్తాయి. టూర్ల జాబితా తెరిస్తే అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి: పిరమిడ్ ఫొటో, నీలిరంగు నీళ్ల ఫొటో, బఫే భోజనం, హోటల్ దగ్గర పికప్. అప్పుడు ధర ఒక్కటే చూసి బుక్ చేసేస్తారు. దెబ్బతినేది అక్కడే. ఈ యాత్రలో రోజును మింగేసేది దారి. మీరు బస చేసిన ఊరికి ఏ శిథిలాలు-సెనోటే జంట దగ్గర, శిథిలాల గేటుకు ఎన్ని గంటలకు చేరతారు, నీళ్లలో ఎంతసేపు ఉండనిస్తారు. ఈ మూడూ తేల్చుకున్నాకే ధర చూడాలి.

యుకటాన్ ద్వీపకల్పం ఉత్తర భాగమంతా సున్నపురాయి నేల. వాన నీరు పైన నిలవదు, చెప్పుకోదగ్గ నది ఒక్కటీ లేదు. నీరంతా రాతిలోకి ఇంకి, దాన్ని కరిగించుకుంటూ భూమి కింద గుహల్లో ప్రవహిస్తుంది. నంద్యాల జిల్లా బెలుం గుహలను తొలిచిందీ ఇలా సున్నపురాయిని కరిగించిన నీరే. యుకటాన్‌లో గుహ కప్పు కూలి ఆ నీరు బయటపడ్డ చోటు సెనోటే. తాగునీటికి మరో దారి లేదు కాబట్టి మాయా నగరాలు చాలావరకు వీటి పక్కనే వెలిశాయి. శిథిలాలూ ఈతా ఒకే టూర్‌లో పడటానికి కారణం అదే.

ముందు గడియారం సంగతి

కాన్‌కూన్, ప్లాయా డెల్ కార్మెన్, తులుం, కోబా కింతానా రో రాష్ట్రంలో ఉన్నాయి. చిచెన్ ఇట్సా, ఎక్ బాలం, వయ్యదోలీద్, మెరిదా యుకటాన్ రాష్ట్రంలో ఉన్నాయి. రెండో రాష్ట్రం గడియారం ఏడాది పొడవునా ఒక గంట వెనక. కాన్‌కూన్ నుంచి చిచెన్ ఇట్సాకు దాదాపు 200 కిలోమీటర్లు, టోల్ రోడ్డు మీద రెండున్నర గంటలు. ఉదయం 6కు బయల్దేరితే అక్కడి గడియారంలో 7:30కే చేరతారు. గేటు తీసేది 8కి. అంటే పొద్దున ఆ గంట మీకు కలిసొస్తుంది. సాయంత్రం అదే గంట పోతుంది: చిచెన్‌లో 4కు బండెక్కితే కాన్‌కూన్‌లో దిగేసరికి 7:30 అవుతుంది. ఆ రాత్రికి విమానమో, డిన్నర్ రిజర్వేషనో పెట్టుకోవద్దు. ఫోన్ ఒక్కోసారి రాష్ట్రం దాటాక కూడా పాత సమయమే చూపిస్తుంది, అందుకే బస్సు తిరిగి బయల్దేరే సమయం ఏ గడియారం ప్రకారమో గైడ్‌ను నోరు తెరిచి అడగండి.

పికప్ ఇచ్చే పెద్ద బస్సు టూర్లలో ఈ కలిసొచ్చిన గంట ఆవిరైపోతుంది. హోటల్ జోన్‌లో ఒక్కో హోటల్ ముందూ ఆగి జనాన్ని ఎక్కించుకోవడానికి గంట, గంటన్నర పడుతుంది. తర్వాత ఒక చోట చేర్చి భాషను బట్టి బస్సులు మారుస్తారు. దారిలో హస్తకళల దుకాణం దగ్గర ముప్పావు గంట. పిరమిడ్ ముందు నిలబడేసరికి మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ, చుట్టూ మిగతా బస్సుల జనం. కొన్ని టూర్లు సెనోటేను ముందు, శిథిలాలను చివర పెడతాయి. ఆ వరుస ఉన్న టూర్‌ను వదిలేయమనే మా సలహా. చెమట పట్టాక చల్లటి నీళ్లలో దిగడం హాయి. తడి బట్టలతో చిచెన్ ఎండలో నడవడం నరకం.

చిచెన్ ఇట్సాతో ఇక్ కిల్, లేదా వయ్యదోలీద్ సెనోటేలు

మొదటిసారి వెళ్తూ, మళ్లీ వస్తామో లేదో అనుకునేవాళ్లకు ఇదే. 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, 2007లో కొత్త ఏడు వింతల్లో చేరింది. కుకుల్కాన్ పిరమిడ్ ఎత్తు పైనున్న గుడితో కలిపి 30 మీటర్లు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన గుడి అరుగుతో కలిపితే 365. ఎక్కనివ్వరు, 2006 నుంచి ఆపేశారు. ఇప్పటికీ పాత ఫొటోలు చూసి ఎక్కుదామని వెళ్లేవాళ్లున్నారు.

ఎక్కలేకపోయినా చేయగలిగింది ఒకటుంది. ఉత్తరం వైపు మెట్లకు ఎదురుగా కొంచెం దూరంలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. తిరిగొచ్చే శబ్దం చప్పట్టులా ఉండదు, పిట్ట కూసినట్టు కిచ్‌మని పైనుంచి కిందికి జారుతుంది. అక్కడి గైడ్లు దాన్ని కెట్సాల్ పక్షి కూతతో పోలుస్తారు. కింది మెట్టు తాకిన ధ్వని ముందు, పై మెట్టు తాకింది తర్వాత చెవికి చేరుతుంది. పైకి పోయేకొద్దీ ఆ ఎడం పెరుగుతుంది కాబట్టి శ్రుతి దిగుతుంది. జనం గోలలో ఇది వినపడదు. 8 గంటలకే గేటు దగ్గర ఉండమనడానికి ఇదొక్కటీ చాలు.

లోపల కనిపించే పవిత్ర సెనోటేలో ఈత లేదు. 1904 నుంచి ఎడ్వర్డ్ థాంప్సన్ అడుగు తోడించి బంగారం, జేడ్ రాళ్లు, మనుషుల ఎముకలు బయటికి తీసిన చోటది. అంచున నిలబడి చూసి రావాలి. ఈత కొట్టేది బయట, 3 కిలోమీటర్ల దూరంలోని ఇక్ కిల్‌లో. నేల మట్టం నుంచి నీళ్లు దాదాపు 26 మీటర్ల కింద ఉంటాయి, అంటే ఎనిమిది అంతస్తులు దిగాలి, ఎక్కాలి. పైనుంచి తీగలు, వేళ్లు నీళ్లదాకా వేలాడుతుంటాయి. చూడ్డానికి ఇంతకంటే అందమైనది తక్కువే. అయితే మధ్యాహ్నం బస్సులన్నీ ఇక్కడే దిగుతాయి. షవర్ దగ్గర వరుస, లాకర్ దగ్గర వరుస, మెట్ల మీద తడికాళ్లతో వరుస. టూర్ ఇచ్చే గంటలో నీళ్లలో గడిపేది ఇరవై నిమిషాలే అవుతుంది.

సొంతంగా వెళ్తుంటే గానీ, చిన్న వ్యాన్ టూర్‌లో గానీ, ఇక్ కిల్ వదిలేసి 45 కిలోమీటర్ల వెనక వయ్యదోలీద్ వైపు వస్తే మేలు. ఎలాగూ కాన్‌కూన్ దారిలోనే ఉంటుంది. ఊరి బయట 7 కిలోమీటర్లలో ద్జిత్నూప్ దగ్గర ష్కేకెన్, సముల అనే రెండు గుహ సెనోటేలు పక్కపక్కనే ఉన్నాయి. పాత హసియెండా (పెద్ద ఎస్టేటు) ఆవరణలోని ఓష్‌మాన్‌లో తాడు పట్టుకుని ఊగి దూకొచ్చు. ఊరి నడిబొడ్డున సాసీ ఉంది, భోజనం చేసి నడిచి వెళ్లొచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో వెలుగు కిరణం కింద రాతి అరుగు మీద ఒక్కరే నిలబడే ఫొటోలు సుయ్‌తూన్‌వి. ఆ ఫొటోకు వరుసలో నిలబడాలి, ఈతకు దాన్ని ఎంచుకోవద్దు.

చిచెన్ టికెట్ విషయంలో ఒక మెలిక ఉంది. కేంద్ర పురావస్తు సంస్థ రుసుము ఒకటి, యుకటాన్ రాష్ట్ర రుసుము ఇంకొకటి, రెండూ కట్టాలి. విదేశీయులకు కలిపి 600 పెసోలు దాటుతుంది. చవకగా కనిపించే టూర్లు దీన్ని ధరలో చేర్చవు, బస్సెక్కాక నగదు అడుగుతాయి. నలుగురి కుటుంబానికి ఆ తేడా చిన్నది కాదు. ఆదివారం మెక్సికో పౌరులకు, అక్కడ నివసించేవాళ్లకు ఉచితం కాబట్టి ఆ రోజు రద్దీ రెట్టింపు. మార్చి, సెప్టెంబరుల్లో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజుల్లో మెట్ల పక్కన పాములా కనిపించే నీడ చూడటానికి వేలమంది వస్తారు. అది చూడాలనే వెళ్తే తప్ప ఆ తేదీలు తప్పించండి.

కోబాతో మూడు సెనోటేలు

పదేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబానికి మేం ముందు చెప్పేది ఇదే. తులుం నుంచి 45 కిలోమీటర్లు, ముప్పావు గంట. కాన్‌కూన్ నుంచైతే రెండు గంటలు దాటుతుంది, ప్లాయా నుంచి హాయిగా వెళ్లొచ్చు. గడియారం మారదు.

కోబా శిథిలాలు అడవిలో విడివిడిగా ఉంటాయి, అందుకే పైన నీడ ఉంటుంది. చిచెన్‌లో ఆ భాగ్యం లేదు. గేటు నుంచి నోహోచ్ మూల్ పిరమిడ్‌కు దాదాపు 2 కిలోమీటర్లు. లోపలే అద్దె సైకిళ్లు, ముందు ఇద్దరు కూర్చుంటే వెనక ఒకాయన తొక్కే రిక్షాలు దొరుకుతాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తే ఆ రిక్షా కోసమే కోబాను ఎంచుకోవచ్చు. పిరమిడ్ 42 మీటర్లు, చిచెన్ పిరమిడ్ కంటే ఇదే ఎత్తు. 2020లో కోవిడ్ కాలంలో ఎక్కడం ఆపేశారు. ఎక్కవచ్చని టూర్ వాళ్లు చెప్తే అదే మాట బుకింగ్‌లో రాతపూర్వకంగా అడగండి. ఇక్కడినుంచి పడమటికి యాష్‌ఉనా దాకా మాయావాళ్లు వేసిన రాతిబాట 100 కిలోమీటర్ల పొడవు. దాని మొదలు మీ సైకిల్ దారి పక్కనే కనిపిస్తుంది.

సెనోటేలు అక్కడికి 6 కిలోమీటర్లలో ఉన్నాయి, స్థానిక మాయా సమాజమే నడుపుతుంది. మూడూ గుహ సెనోటేలే, మూడింటికీ స్వభావాలు వేరు. చో-హాలో నీళ్లు ఎక్కువ లోతుండవు, కప్పు నుంచి సున్నపు రాతి ఊడలు దిగి ఉంటాయి, ఈత అంతగా రానివాళ్లకు సరిపోతుంది. తమ్కాచ్-హాలో చుట్టు మెట్లు దిగాక దూకడానికి రెండు ఎత్తుల్లో అరుగులు, పైది దాదాపు 10 మీటర్లు. యువకులు ఇక్కడినుంచి కదలరు. ముల్తున్-హా మూడింటిలోనూ ప్రశాంతమైనది. టికెట్ ఒక్కోదానికి విడిగా, నగదులో. మూడూ చూడాలని పరుగెత్తకుండా రెండు ఎంచుకుని ఒక్కోదానిలో గంటసేపుండండి.

అడవి కాబట్టి దోమలు. దోమల మందు శిథిలాల దగ్గర రాసుకున్నా సెనోటే ముందు కడిగేయాల్సిందే, దాని సంగతి కింద చెప్తాం.

తులుంతో గ్రాన్ సెనోటే లేదా డోస్ ఓహోస్

నీళ్లే ముఖ్యం, శిథిలాలు ఒక గంటన్నర చూస్తే చాలనుకునేవాళ్లకు. తులుం కోట సముద్రం మీద 12 మీటర్ల కొండకొమ్మున ఉంది, మిగతా మూడు వైపులా గోడ. 13 నుంచి 15వ శతాబ్దాల మధ్య వెలిగిన రేవు పట్టణం. కట్టడాలు చిన్నవి, దృశ్యం గొప్పది. నీడ అసలుండదు. ఇప్పుడది జాగ్వార్ జాతీయ ఉద్యానవనం లోపలికి వచ్చింది కాబట్టి పురావస్తు టికెట్‌తో పాటు పార్కు రుసుములూ కట్టాలి. హైవే నుంచి మలుపు తిరగ్గానే యూనిఫాం లాంటి చొక్కాలేసుకుని చేతులూపి బండి ఆపించేవాళ్లు పార్కింగ్, పడవ, స్నార్కెల్ అన్నీ కలిపి ప్యాకేజీ అంటారు. ఆగకుండా ముందుకెళ్లి అసలు టికెట్ కిటికీ దగ్గరే కొనాలి.

గ్రాన్ సెనోటే ఊరి నుంచి కోబా రోడ్డు మీద కొద్ది కిలోమీటర్లే. చెక్క నడకదారులు, లోతు తక్కువ భాగం, లోతైన భాగం రెండూ ఉన్నాయి, తాబేళ్లు పక్కనే ఈదుతాయి. తెరవగానే వెళ్లాలి, 11 దాటితే నీళ్లలో భుజాలు తగులుతాయి. అందుకే ఒక్క తులుం విషయంలో మాత్రం, బండి మీ చేతిలో ఉంటే, ముందు సెనోటే అన్నా తప్పులేదు. ఊరు దగ్గరే కాబట్టి బట్టలు మార్చుకుని శిథిలాలకు వెళ్లొచ్చు.

డోస్ ఓహోస్ తులుంకు ఉత్తరంగా, గుహలంటే ఇష్టమున్నవాళ్లది. మాస్క్ పెట్టుకుని ముఖం నీళ్లలో ముంచితే కింద మునిగిపోయిన గుహ మొత్తం కనిపిస్తుంది. 2018లో ఈ గుహల వ్యవస్థ సాక్ అక్తున్ అనే మరో నీటి గుహల వ్యవస్థతో కలిసిందని డైవర్లు తేల్చినప్పుడు మొత్తం పొడవు 347 కిలోమీటర్లకు చేరింది. గబ్బిలాల గుహలోకి గైడ్‌తో, టార్చ్‌తోనే వెళ్లాలి. చీకటి, ఇరుకు భరించలేనివాళ్లకు పెట్టకండి.

ఎక్ బాలంతో ష్కాన్‌చే

వయ్యదోలీద్‌కు ఉత్తరంగా అరగంట. జనం తక్కువ. గుట్టలాంటి అక్రోపోలిస్ (ఎత్తైన ప్రధాన కట్టడం) మధ్యలో ఉకిత్ కాన్ లెక్ తోక్ రాజు సమాధి ద్వారం పళ్లు తెరిచిన రాక్షసి నోరులా సున్నపు గార శిల్పంతో నిండి ఉంటుంది. రెక్కలున్న మనుషుల బొమ్మలు ఇంత చెక్కుచెదరకుండా చూడగలిగే చోట్లు తక్కువ. శిల్పకళ ఇష్టమున్నవాళ్లకు చిచెన్ కంటే ఇదే నచ్చుతుందని మా గట్టి నమ్మకం. ష్కాన్‌చే సెనోటే గేటు నుంచి 2 కిలోమీటర్ల లోపే. సైకిల్ మీదో, నడిచో వెళ్లాలి. మధ్యలో ఎక్కడా బండెక్కే పని లేకపోవడం దీని పెద్ద లాభం. స్థానికుల వివాదం వల్ల ఈ స్థలం నెలల తరబడి మూతపడ్డ సందర్భం ఉంది, కాబట్టి వెళ్లే వారంలో తెరిచే ఉందని ఖాయం చేసుకోండి.

మెరిదాలో బస చేసేవాళ్లు ఉష్‌మల్ శిథిలాల గురించి అడుగుతారు. కట్టడాల అందంలో దానికి సాటి లేదు, 80 కిలోమీటర్లే. కానీ ఆ పూక్ ప్రాంతంలో సెనోటేలు లేవు. అక్కడివాళ్లు వాన నీటిని భూమిలో తొలిచిన తొట్లలో దాచుకున్నారు, గోడల నిండా వానదేవుడు చాక్ ముఖాలే. ఉష్‌మల్‌తో ఈత కలిపే టూర్ అంటే మరో వైపు చాలా దూరం తిప్పుతారు. ఈత కావాలంటే మెరిదా నుంచి సెనోటేలున్న హోమున్ ఊరి వైపు వేరే రోజు పెట్టుకోండి.

నీళ్లలో దిగేముందు

సెనోటే స్విమ్మింగ్ పూల్ కాదు. మెట్టు దిగిన మరుక్షణం కాలికి నేల అందకపోవచ్చు. మంచినీరు కాబట్టి సముద్రంలోలా తేలనివ్వదు, సముద్రంలో ధైర్యంగా ఈదినవాళ్లు కూడా ఇక్కడ త్వరగా అలిసిపోతారు. నీళ్లు 24 నుంచి 26 డిగ్రీలు, మొదటి నిమిషం ఊపిరి బిగుసుకుంటుంది. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ వేసుకుని, చంక కింద పట్టీ, కాళ్ల మధ్య పట్టీ ఉంటే అదీ బిగించి, అడ్డంగా కట్టిన తాడు పట్టుకునే దిగాలి. వదులు జాకెట్ నీళ్లలో గడ్డం పైకి లేచి ముఖాన్ని మూస్తుంది. పిల్లల సైజు జాకెట్లు అన్నిచోట్లా ఉండవు, నాలుగైదేళ్ల పిల్లలుంటే మీదే తీసుకెళ్లండి.

సన్‌స్క్రీన్, నూనె, దోమల మందు, అత్తరు, తలకు రాసుకున్న జెల్, అన్నీ షవర్ కింద కడుక్కున్నాకే దిగనిస్తారు. సీసా మీద బయోడిగ్రేడబుల్ అని ఉన్నా అంతే. ఈ నీరే చుట్టుపక్కల ఊళ్ల నీరు, పారే దారి లేని చోట పైపొర జిడ్డు అక్కడే ఉండిపోతుంది. ఎండకు రాసుకునే బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. ఒంటిని కప్పే బట్ట కావాలనుకునే ఆడవాళ్లకు అదీ, దాని కింద ఈత లెగ్గింగూ సరిపోతాయి. కాటన్ కుర్తా, చున్నీ మాత్రం వద్దు, తడిస్తే బరువెక్కి కిందికి లాగుతాయి. రాయి నాచుపట్టి జారుతుంది కాబట్టి రబ్బరు అడుగున్న నీటి చెప్పులు.

బస్సా, వ్యానా, సొంత కారా

పెద్ద బస్సు చవక, తీరిక తక్కువ. 12 నుంచి 15 మంది వ్యాన్ టూర్ దానికి దాదాపు రెట్టింపు అడిగినా మేం దాని వైపే మొగ్గుతాం, షరతు ఒక్కటే: శిథిలాల దగ్గరికి 8, 9 గంటల మధ్య చేరుస్తామని రాసివ్వాలి. బుక్ చేసేముందు ఇంకా అడగాల్సినవి: ప్రవేశ రుసుములు రెండూ కలిశాయా, సెనోటే పేరేమిటి (పేరు చెప్పకపోతే తమకు కమీషన్ వచ్చేచోటికి తీసుకెళ్తారు), అక్కడ ఎన్ని నిమిషాలు, దుకాణం ఆగడం ఉందా, భోజనంలో తాగేవి కలిశాయా.

కారు అద్దెకు తీసుకుంటే ఆన్‌లైన్‌లో రోజుకు పది డాలర్లని చూపించింది కౌంటర్ దగ్గర అనేక రెట్లవుతుంది. ఎదుటివాళ్ల నష్టానికి మెక్సికో బీమా తప్పనిసరి, అమెరికా పాలసీ పనికిరాదు, క్రెడిట్ కార్డు బీమా సాధారణంగా మీ అద్దె కారు దెబ్బలకే పరిమితం. అది కలిపిన ధరతోనే టూర్‌ను పోల్చండి. టోల్ లేని రోడ్డులో ప్రతి ఊరికీ తోపే అనే స్పీడ్ బ్రేకర్లుంటాయి, చాలావాటికి రంగు వేసి ఉండదు, చీకటి పడ్డాక ఆ దారిన రావద్దు. మాయా రైలు 2023 డిసెంబరు నుంచి నడుస్తోంది, కానీ స్టేషన్లు శిథిలాలకు దూరంగా ఉంటాయి. ఒకే రోజులో రెండు చోట్లు తిరగడానికి అది కుదరదు.

కారున్నవాళ్లకు అన్నిటికంటే మంచి మార్గం ముందు రోజు సాయంత్రం వచ్చి వయ్యదోలీద్‌లో పడుకోవడం. పొద్దున 7:15కు బయల్దేరితే చిచెన్ గేటు తీసే సమయానికి అక్కడుంటారు. 10:30కల్లా చూడటం అయిపోతుంది, కాన్‌కూన్ బస్సులు వచ్చేసరికి మీరు నీళ్లలో ఉంటారు.

భోజనం దగ్గర శాకాహారులకు ఒక హెచ్చరిక. బఫేలో బీన్స్ చూసి సంతోషిస్తాం గానీ వాటిని తరచూ పంది కొవ్వుతో వండుతారు. లైమ్ సూప్ కోడి రసంతో చేసింది. "సిన్ కార్నే, సిన్ మాంతేకా" అని అడగండి, మాంసమూ కొవ్వూ లేకుండా అని. గుడ్డు తినేవాళ్లకు గుమ్మడి గింజల పులుసులో వచ్చే పపద్జూలెస్ బాగుంటుంది. బల్ల మీది హబనేరో సాస్ మన గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుకకైనా ముందు చుక్కతోనే మొదలుపెట్టాలి.

భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా స్టాంపు గానీ, గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. హెచ్-1బి మీద ఉండి స్టాంపు గడువు తీరి, ఐ-797 ఆమోద కాగితం మాత్రమే ఉన్నవాళ్లు మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. టికెట్లు కొనేముందే పాస్‌పోర్టు తెరిచి ఇంట్లో అందరి స్టాంపు తేదీలూ చూడండి. పెసోలు చిల్లరగా, 20లు, 50లు దగ్గరుంచుకోండి: టాయిలెట్లు, లాకర్లు, లైఫ్ జాకెట్ అద్దె, పల్లె సెనోటేల టికెట్లు చాలాచోట్ల నగదుతోనే. డాలర్లిస్తే తీసుకుంటారు, మారకం మాత్రం వాళ్లకు లాభంగానే కడతారు.